మా ఇళ్లలో చెరగని రిజిస్టరు

మా గల్లీలో ఒక అబ్బాయి ఉండేవాడు. పదిహేనేళ్లు. నడక మెత్తన, మాట మెత్తన. గల్లీ అంతా కలిసి వాడికో పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిచి నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇంట్లోవాళ్లు దర్గాకు తిప్పారు, తావీజు కట్టించారు, హకీముకు చూపించారు. ఏ గుణమూ కనపడలేదని అబ్బా బెల్టు తీశాడు. వాడు నిద్ర మానేశాడు, తిండి మానేశాడు, బడి మానేశాడు. ఒకరోజు ఇల్లే వదిలి వెళ్లిపోయాడు. ఖాందాన్ ఇజ్జత్ మిగిలిందన్నారు పెద్దలు. వాడి ప్రాణం ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ నవ్వు మాకు ఎక్కణ్నుంచి వచ్చింది? మీ మతం నుంచే అంటారు బయటివాళ్లు. ఇదంతా పడమటి దేశాల రోగం అంటారు మావాళ్లు. చరిత్ర ఇద్దరి మాటా ఒప్పుకోదు.

1858లో ఉస్మానియా తుర్కీ సామ్రాజ్యం ఫ్రెంచి నమూనా మీద కొత్త శిక్షాస్మృతి రాసుకుంది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఏకాంతంలో కలిస్తే అందులో శిక్ష లేదు. ఆ తర్వాత రెండేళ్లకే, 1860లో, మెకాలే చిత్తుప్రతి నుంచి పుట్టిన భారత శిక్షాస్మృతిలో ఇంగ్లీషువాళ్లు 377వ సెక్షన్ పెట్టారు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి హిజ్రాల పేర్లకు పోలీసు రిజిస్టరు తెరిచారు.

మరి మా పాలకులు నిర్దోషులా? కాదు. 1919లో, అంటే ఫస్లీ 1329లో, నిజాం రాజ్యం అదే అచ్చులో తన చట్టం పోసుకుంది. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు మగపిల్లవాడు వాళ్ల దగ్గర ఉన్నా శిక్షే. పిల్లల రక్షణ కోసమన్నారు. ఇల్లు గెంటేసిన పిల్లవాడికి అన్నం పెట్టిన చేయి కూడా దాంతో నేరం చేసిన చేయి అయింది.

హిజ్రాగా బతకడం వేరు. మగవాడి మనసు మగవాడి మీదికి, ఆడదాని మనసు ఆడదాని మీదికి పోవడం వేరు. చట్టమూ గల్లీ రెండింటినీ ఒకే గాటన కట్టాయి.

ఇండోనేషియాలో సులవేసి దీవిలోని బుగిస్ జాతివారిలో ఎక్కువమంది ముస్లింలే. వాళ్ల సంప్రదాయం మనుషుల్ని ఆడ, మగ అని రెండుగా కాక ఐదు రకాలుగా గుర్తించింది. బ్రిటన్‌లోనేమో 1988లో వచ్చిన 28వ సెక్షన్ స్వలింగ ప్రేమను బడుల్లో మామూలు విషయంగా చెప్పకుండా కట్టడి చేసింది. టీచర్ల నోళ్లు మూతపడ్డాయి. ఇంగ్లండులో అది 2003 దాకా పోలేదు. దయ గానీ క్రూరత్వం గానీ ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

వైద్యం సంగతికొద్దాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేశాయి. మరి ఈ పిల్లలకు జబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది? 2009లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన జవాబు చెప్పింది. టీనేజీలో ఇంట్లోవాళ్ల తిరస్కారం ఎక్కువగా చవిచూసినవాళ్లు, అంతగా చవిచూడనివాళ్ల కంటే ఎనిమిది రెట్లు ఎక్కువగా ఆత్మహత్యాప్రయత్నం చేశామని చెప్పారు. జబ్బు పిల్లవాడి మనసులో పుట్టలేదు. వాకిట్లో పుట్టింది.

అక్కడి పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో దీన్ని వివరిస్తూ వాడిన మాట 'మైనారిటీ ఒత్తిడి'. ఎప్పుడు ఎవరు ఏమంటారోనన్న కాపలా, దాచుకోవడం, చివరికి తనను తానే అసహ్యించుకోవడం. చదివి ఉలిక్కిపడ్డాను. ఈ మాట మాకు ఒకరు నేర్పాలా? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానం మీద పట్టుకెళ్లిన మా కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చేసరికి వాళ్ల నిద్ర, చదువు, ఉద్యోగం ఏమయ్యాయో మాకు తెలీదా? అనుమానం ఒంటిని ఎలా తినేస్తుందో తెలిసిన జాతి, అదే అనుమానాన్ని తన పిల్లవాడికి అన్నంలో కలిపి పెడుతోంది.

2018లో సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ ప్రేమను నేరం కాదంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ పిల్లల్ని 'మారుస్తామనే' చికిత్సను వైద్యుడి దుష్ప్రవర్తన అంది. 2023లో తెలంగాణ హైకోర్టు నిజాం నాటి ఆ చట్టాన్ని కొట్టేసింది. సర్కారు రిజిస్టరు నూట నాలుగేళ్లకు చెరిగింది.

హలాలేదో హరామేదో ఆలిములు చెబుతారు, ఆ వాదన నాది కాదు. నేనడిగేది పదిహేనేళ్ల ప్రాణం గురించి. బయట ముస్లిం, ఇంట్లో పరాయివాడు అయితే ఆ పిల్లవాడు ఎక్కడికి పోవాలి? అమ్మీలారా, అబ్బాలారా, మీ ఇంటి రిజిస్టరు మీరే చెరపాలి. దానికి ఏ కోర్టూ రాదు.

ఆ అబ్బాయి ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఉంటే వాడిక్కూడా నలభై దాటి ఉంటాయి. వాడికి పెట్టిన పేరు గుర్తుంది. అసలు పేరే ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.