నల్లమందు నుంచి నడుము సూది దాకా



పెద్దాపరేషన్ అనగానే మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఆడవాళ్ళకు మొదటి భయం నడుముకు వేసే సూది. రెండోది, మత్తు దిగాక ఆ రాత్రి ఎలా గడుస్తుందోనని. ఆడదానికి ఓర్పు ఉండాలని వినీ వినీ, నొప్పికి మందడగడానికే మొహమాటపడతాం. ఎందుకమ్మా ఆ మొహమాటం?

మత్తు వైద్యంలో మన హైదరాబాదుకు పెద్ద చరిత్రే ఉంది. గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న రోజుల్లో, 1888లోనూ 1889లోనూ, ఆరో నిజాం కాలంలో అక్కడ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. నడిపించినవాడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, కనుక శ్వాసనే కనిపెట్టి ఉండండి అన్నాడాయన. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. ఆ లారీ దగ్గరే క్లోరోఫాం ఇవ్వడం నేర్చింది రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరని ఆమెకు పేరు. మనలో ఎందరికి తెలుసు!

క్లోరోఫాం కోత వరకే. తెలివొచ్చాక నొప్పికి దిక్కు నల్లమందు, దాని సారమైన మార్ఫిన్. 1898లో జర్మనీలో బీర్ అనే డాక్టరు వెన్నులోకి కొకెయిన్ ఎక్కించి ఆపరేషన్ చేశాడు. 1901లో రుమేనియా వైద్యుడు రకోవిచాను పితేష్తి దానికి మార్ఫిన్ కలిపి చూశాడు. ఆ తర్వాత ఆ సంగతి దాదాపు మరుగున పడిపోయింది. 1973లో మెదడులో మార్ఫిన్ అంటుకునే చోట్లున్నాయని తేలింది. 1976లో యాక్ష్, రూడీ ఎలుకలలో పరీక్షించి, వెన్నుపాము దగ్గరే మార్ఫిన్ నొప్పిని ఆపగలదని చూపారు. 1979లో అమెరికాలో వాంగ్ బృందం వెన్నునీటిలోకి, జెరూసలేంలో బేహార్ బృందం దాని పైపొర బయటికి, అంటే ఎపిడ్యూరల్‌గా, రోగులకిచ్చి ఫలితం చూశారు.

చేనంతా తడపకుండా పాదులో నీళ్ళు పోసినట్టన్నమాట. కండకు పది మిల్లీగ్రాములిచ్చే మందు, సిజేరియన్‌కు వెన్నునీటిలో మిల్లీగ్రాములో పదోవంతు వేస్తే దాదాపు ఒక రోజు పనిచేస్తుంది. బాలింత దగ్గగలదు, లేచి నాలుగడుగులు వేయగలదు, బిడ్డను ఒడిలోకి తీసుకోగలదు. ఇది చిన్న లాభమా?

చిక్కులూ ఉన్నాయి. దురద, వాంతి, మూత్రం బిగుసుకోవడం. అసలు జాగ్రత్త మాత్రం ఊపిరి గురించి. చాలా గంటల తర్వాత, నిద్రలో కూడా, శ్వాస మందగించవచ్చు. లారీగారి మాట క్లోరోఫాం విషయంలో పూర్తిగా నిలవలేదు గానీ, ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుతో మాట్లాడండి. నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బున్నా, నిద్రమాత్రలు గానీ రక్తం పలచబరిచే మందులు గానీ వాడుతున్నా దాచకండి. రాత్రి నర్సమ్మ మాటిమాటికీ వచ్చి ఊపిరి లెక్కబెడితే విసుక్కోకండి. ముక్కు దురదపెడితే అది కూడా చెప్పండి, దానికీ మందుంది.