పి.టి.రెడ్డి ఏ గ్రూపు చిత్రకారుడు? ఎక్కడ పుట్టారు? బయోగ్రఫీలో సరిచూడాల్సినవి ఇవే

తెలంగాణ ఆధునిక చిత్రకళ అనగానే ముందు వరుసలో వినిపించే పేరు పి.టి.రెడ్డి. పూర్తి పేరు పాకాల తిరుమల్ రెడ్డి (1915-1996). ఆయన గురించి రాసేటప్పుడు ఒక్క తేదీ తప్పినా కథే మారిపోతుంది.

ముఖ్యంగా బొంబాయి రోజులు. బొంబాయి చిత్రకారుల గ్రూపు అనగానే చాలామందికి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపే గుర్తొస్తుంది. సూజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి దాన్ని మొదలుపెట్టింది 1947లో. ఆ ఆరుగురిలో పి.టి.రెడ్డి లేరు. జె.జె.స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివిన ఆయన అంతకు ఆరేళ్ల ముందే, 1941లో, ‘బాంబే కాంటెంపరరీ ఇండియా ఆర్టిస్ట్స్’ పేరుతో వేరే గ్రూపు పెట్టారు. భోప్లే, మజీద్, ఎం.వై.కులకర్ణి, క్లెమెంట్ బాప్టిస్టా మిగతా నలుగురు. స్కూల్ డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ వీళ్లను ‘యంగ్ టర్క్స్’ అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. రెండు గ్రూపుల్నీ కలిపేస్తే పి.టి.రెడ్డి ప్రోగ్రెసివ్‌ల వెనకాల నడిచిన మనిషి అయిపోతారు. తేదీలు చూస్తే మాత్రం ఆయనే ముందున్నారు!

ఇక పుట్టిన ఊరు. కరీంనగర్ జిల్లా అన్నారం. ‘ఆంధ్రప్రదేశ్‌లో పుట్టారు’ అని రాస్తే తప్పే. 1915లో అది నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో. ఇంకో చిక్కు కూడా ఉంది. తెలంగాణలో అన్నారం పేరుతో చాలా ఊళ్లున్నాయి. ఈ మధ్య ఆ పేరు వినగానే అందరికీ బ్యారేజీ గుర్తొస్తోంది. పేరు కలిసింది కదా అని ఆ ఊరే అనుకుని రాసేయకూడదు. మండలం కూడా చూసుకోవాలి.

భార్య విషయంలో గందరగోళం లేదు. ‘మా ఊరి ముచ్చట్లు’ రాసిన కథకురాలు పాకాల యశోదారెడ్డి ఆయన సతీమణి.

‘తాంత్రిక చిత్రకారుడు’ అన్న ముద్ర మాత్రం సగమే నిజం. తాంత్రిక గుర్తులతో బొమ్మలు వేసిన మాట వాస్తవమే, కానీ అది ఆయన పనిలో ఒక దశ. మనిషి చంద్రుడిపై కాలుపెట్టిన సంఘటన మీదా బొమ్మలు వేశారు. ఏ బొమ్మ ఏ దశదో తేల్చాలంటే ముందు దాని మీద సంతకం పక్కన ఏడాది ఉందేమో చూడాలి. ఎగ్జిబిషన్ క్యాటలాగ్‌లోని ఏడాది బొమ్మ వేసినదే కానక్కర్లేదు, అది ప్రదర్శన జరిగిన ఏడాది కూడా కావచ్చు.