పలికిన నవల, పృచ్ఛకుడు లేని గది

కొన్నేళ్ళ క్రితం, చూపు బాగా మందగించిన మా తాతగారికి రోజూ సాయంత్రం పుస్తకం చదివి వినిపించే పని నా మీద పడింది. ఆయన కోరిన మొదటి పుస్తకం విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. నాకు గుండె జారిపోయింది. అంతకుముందు ఒకసారి ఆ నవలను కళ్ళతో చదివి, సగంలో విసిగి, చాలా పేజీలు తిప్పేసి, పూర్తయిందనిపించుకున్నాను. చెప్పిందే చెప్పడం, కథను వదిలి ఎక్కడికో వెళ్ళిపోవడం, తీరిగ్గా తిరిగిరావడం... ఇదేం నిర్మాణం అని మిత్రులతో వాదించినవాణ్ణి కూడా.

ఈసారి తిప్పేయడానికి వీల్లేదు. తాతగారి చెవి పేజీలు దాటదు. అలా గొంతెత్తి చదువుతున్నప్పుడు ఒక విచిత్రం గమనించాను. కంటికి విసుగు పుట్టించిన పునరుక్తి చెవికి ఆసరా అవుతోంది. నిన్న సాయంత్రం ఎక్కడ ఆపామో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ నవలే మళ్ళీ గుర్తుచేస్తోంది. వాక్యాలు పొట్టివి. ఒక్కో వాక్యం దగ్గర ఊపిరి తీసుకోవచ్చు. ఇది రాసిన పుస్తకం కాదు, చెప్పిన పుస్తకం అనిపించింది. నిజానికి దాని పుట్టుక కూడా అదే.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ నిర్వహించింది. అప్పటికి విశ్వనాథ వయసు నలభైకి చేరువలో ఉంది (జననం 1895, కృష్ణా జిల్లా నందమూరు). ఆయన ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు కాగితం మీద పెట్టారనీ, 29 రోజుల్లో 999 అరఠావులు నిండాయనీ ప్రసిద్ధమైన కథనం. బహుమతిని ఈ నవలకూ, అడివి బాపిరాజుగారి నారాయణరావుకూ కలిపి పంచారు. తర్వాతి కాలంలో పి.వి. నరసింహారావుగారు దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 29 రోజులకు 999 అరఠావులంటే రోజుకు ముప్పై నాలుగు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా గంటకు నాలుగు పైచిలుకు. చెప్పేవారి ఆశుధార గురించి మనం తరతరాలుగా ఆశ్చర్యపోతూనే ఉన్నాం. రాసినవారి వేళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. మామూలు దస్తూరీతో రాసేవాడు మాట వేగాన్ని అందుకోలేడు. కనుక చెప్పేవాడే కలం కోసం ఆగాలి. ఒక వాక్యం కాగితం మీదికి చేరేలోపు తర్వాతి వాక్యం మనసులో తయారవుతుంది. బహుశా ఆ పొట్టి వాక్యాల రహస్యం ఇదే కావచ్చు. వ్యాసుడు చెబుతుంటే గణపతి రాశాడన్న కథలో ఆగకూడదన్న షరతు రాసేవాడిది, ఊపిరి తీసుకోవడానికి ముడులు వేసింది చెప్పేవాడు. ఇక్కడ ఊపిరి తీసుకునే వ్యవధిని ఇచ్చింది తమ్ముడి చెయ్యి.

ఈ అలవాటు ఆయనకు ఎక్కడినుంచి వచ్చింది? బందరులో ఆయన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి శిష్యుడు. చెళ్ళపిళ్ళవారు తిరుపతి వేంకట కవులలో ఒకరు. శతావధానాలతో తెలుగుదేశాన్ని ఊపేసిన జంట అది. అవధానంలో కవి కలం పట్టడు. పలుకుతాడు, పక్కనున్నవారు రాసుకుంటారు. కవిత్వమంటే నాలుక మీద పుట్టేదన్న నమ్మకం ఆ బడిలో గాలిలోనే ఉండి ఉంటుంది. విశ్వనాథ అవధానిగా పేరు తెచ్చుకోలేదు గాని, అవధాని నోటిని మాత్రం వచనంలోకి తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది.

అయితే అవధానంలో కవి ఒక్కడే ఉండడు. చుట్టూ పృచ్ఛకులుంటారు. ఒకాయన ప్రతి అక్షరం దగ్గరా అడ్డుపడి ఫలానా అక్షరం వాడరాదంటాడు. మరొకాయన అర్థంపర్థం లేని సమస్య ఇస్తాడు. ఇంకొకాయన నడిమధ్యలో అప్రస్తుత ప్రసంగం మొదలుపెడతాడు. ఆ ధార అందంగా ఉండేది ఆ అడ్డంకుల వల్లనే. రాయి లేని చోట ఏటికి చప్పుడు ఉండదు.

వేయిపడగలు పుట్టిన గదిలో పృచ్ఛకుడు లేడు. ఉన్నది తమ్ముడు. అన్నగారు చెబుతుంటే ‘ఇది నిన్ననే చెప్పావు’ అనో, ‘ఈ మాట నాకు ఒప్పుదల కాదు’ అనో మన ఇళ్ళలో ఏ తమ్ముడు అంటాడు? ఇది నా ఊహే. కానీ నవలను చదివితే ఆ లోటు వినిపిస్తుంది. సుబ్బన్నపేట పుట్టుక, గణాచారి, పసిరిక, గిరిక వీళ్ళ కథ చెబుతున్నప్పుడు ఆ గొంతుకు ఎదురు లేదు, ఉండనక్కర్లేదు కూడా. ధర్మారావు భార్య అరుంధతి మరణించిన ఘట్టంలో నా గొంతే ఆగిపోయింది. నవలకు ముందే ఆయన భార్య వరలక్ష్మిగారిని పోగొట్టుకున్నారు. ఆమె కోసం వరలక్ష్మీ త్రిశతి చెప్పారు. ఆ దుఃఖాన్ని మళ్ళీ పైకి పలకడం, దాన్ని సొంత తమ్ముడే రాయడం! ఆ గదిలో ఆ పూట ఎంత నిశ్శబ్దం ఉండి ఉంటుందో.

కానీ వర్ణధర్మం గురించీ, ఆంగ్ల విద్య గురించీ, ఆధునికత తెచ్చిన చేటు గురించీ ప్రసంగం మొదలైనప్పుడు మాత్రం ఎదురు మాట లేకపోవడం పెద్ద లోపమైంది. రాసేవాడు తన వాక్యాన్ని కంటితో చూస్తాడు, చూసి ఒక్కోసారి అనుమానపడతాడు. చెప్పేవాడికి ఆ అనుమానం ఎదుటివాడి ముఖం నుంచి రావాలి. ఆ పేజీల దగ్గర మా తాతగారు, ఆచారపరుడైన మనిషి, నిశ్చింతగా కునుకు తీసేవారు. లేచాక ‘అయిందా?’ అని అడిగేవారు.

దొస్తయెవ్‌స్కీ కూడా 1866 అక్టోబరులో ఒక నవలను 26 రోజుల్లో చెప్పి రాయించాడు. జూదరి అన్న ఆ నవల గడువులోగా అందకపోతే తొమ్మిదేళ్ళపాటు ఆయన రచనలను పైసా ఇవ్వకుండా అచ్చువేసుకునే హక్కు ప్రచురణకర్తకు పోయేది. రాసింది అన్నా స్నిట్కినా అనే యువతి. తర్వాత ఆయన భార్య అయింది. ఆమె సంక్షిప్తలిపిలో రాసుకుని, ఇంటికి వెళ్ళి శుద్ధప్రతి తయారుచేసి మర్నాడు తెచ్చేది. అంటే నిన్నటి మాటలు మర్నాడు కాగితం మీద ఆయన ముందుండేవి, దిద్దేవాడు. 999 అరఠావులను 29 రోజుల్లో నింపే ఇంట్లో అలాంటి రెండో చూపుకు ఎంత తీరిక దొరికి ఉంటుంది?

విశ్వనాథకు తొందర స్వభావమనుకుంటే పొరపాటు. అంతకుముందు వచ్చిన ఏకవీర ఎంత పొందికైన నవలో చదివినవారికి తెలుసు. రామాయణ కల్పవృక్షం మీద ఆయన సుమారు మూడు దశాబ్దాలు గడిపారు. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం, తెలుగుకు మొట్టమొదటిది, ఆ కావ్యానికే వచ్చింది. అదే మనిషి, అదే నాలుక. తేడా ఎక్కడంటే, పద్యంలో యతిప్రాసలే పృచ్ఛకులు. ప్రతి పాదంలోనూ అవి కవిని నిలదీస్తాయి. వచనంలో నిలదీసేవారెవరూ లేరు. పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలతో సహా తర్వాత వచ్చిన చాలా నవలల్లో ఆ ధార పెరిగింది గాని, ఆ రాళ్ళు మాత్రం లేవు.

అందుచేత ఇప్పుడు నా పాత వాదాన్ని సగం వెనక్కు తీసుకుంటున్నాను. వేయిపడగలు వదులుగా ఉందనడం కళ్ళతో మాత్రమే చదివినవాడి తీర్పు. చెవితో చదివితే అందులో మన పురాణం చెప్పేవాళ్ళ పనితనం ఉంది. మిగతా సగం మాత్రం అలాగే ఉంచుతున్నాను. ఎదుట అడిగేవాడు లేని చోట ఎంతటి వాగ్ధార అయినా తన నమ్మకాల చుట్టూనే తిరుగుతుంది. ఒంటరిగా కీబోర్డు ముందు కూర్చుని రాసుకునే మనబోటివాళ్ళకు ఇది మరీ వర్తిస్తుంది.

మేము ఆ పుస్తకం చివరిదాకా చదివాం. ఆఖరి సాయంత్రం తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ రాసిన తమ్ముడి పేరేమిట్రా?’ అని అడిగారు. చెప్పాను. ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకున్నారు. ఇప్పుడాయన లేరు.

మీ ఇళ్ళలో కూడా ఎవరైనా ఈ నవలను పైకి చదివి వినిపించి ఉంటే, ఎక్కడ గొంతు ఆగిందో, ఎక్కడ వినేవారు కునుకు తీశారో రాయండి. నేను వేసిన లెక్క మీ చెవులతో సరిపోతుందో లేదో చూసుకుంటాను.