ఆశ్రయము, విద్య, జీవిక

ఇల్లు లేని స్త్రీ అనగానే వీథిలో నిలిచిన స్త్రీయే మన మనస్సునకు తోచును. కాని పందొమ్మిదవ శతాబ్దపు మహారాష్ట్రమున ఇల్లుండియు ఇల్లు లేనివారు అనేకులు. బాల్యముననే భర్తను కోల్పోయిన బాలికకు అత్తవారింటగాని పుట్టింటగాని దొరకునది వంటయింటి మూల. ఆ మూలయు ఇతరుల దయ వలన లభించినదే.

1863లో పూనా నగరమున జోతీరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు, గర్భవతులైన వితంతువులు నిర్భయముగా ప్రసవించుటకు ఒక శరణాలయమును నెలకొల్పిరి. శిశుహత్యను నివారించుట దాని ఉద్దేశము. ప్రాణములు నిలిచినవి, కాని ఆ తల్లి తరువాత ఎట్లు బ్రతుకవలెనను ప్రశ్న మిగిలియుండెను.

ఆ ప్రశ్నకు పండిత రమాబాయి విద్యను సమాధానముగా చూపెను. సంస్కృత విదుషియు, స్వయముగా వితంతువును అయిన ఆమె 1889 మార్చి 11న బొంబాయిలో శారదాసదనమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు తరలెను. రమాబాయి 1883లోనే ఇంగ్లండున క్రైస్తవమును స్వీకరించియుండెను. సదనమున మతప్రచారము జరుగదని మాట యిచ్చినను, ఆమె ప్రార్థనలకు కొందరు బాలికలు పోవుట గొప్ప వివాదమునకు దారితీసెను. 1893లో రానడే, భండార్కరు సలహాసంఘమునుండి తొలగిరి. సంరక్షకులు పలువురు బాలికలను వెంటబెట్టుకొని పోయిరి. కలహము పెద్దలది; ఆగిపోయిన చదువు మాత్రము పిల్లలది.

ఆ సదనమున చదివిన గోదూబాయి అను వితంతువును అదే సంవత్సరము ధోండో కేశవ కర్వే వివాహమాడెను. స్వగ్రామమైన మురుడ్‌లో ఆ దంపతులకు వెలి తప్పలేదు. 1896లో కర్వే పూనాలో అనాథ బాలికాశ్రమమును స్థాపించెను. 1900లో అది ఊరి వెలుపలనున్న హింగణెకు మారెను. 1916లో ఆయన స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు ఈ ఆశ్రమానుభవమే పునాది.

1896–97 నాటి క్షామము రమాబాయి కార్యమును పూర్తిగా మార్చెను. మధ్య పరగణాలనుండి ఆమె వందలకొలది బాలికలను తీసికొనివచ్చి, పూనా సమీపమున కేడగాఁవ్‌లో ముక్తిసదనమున ఉంచెను. 1900 నాటి గుజరాతు క్షామముతో ఆ సంఖ్య రెండువేలకు చేరువయ్యెను. అంతమందికి కేవలము అక్షరములు చాలవు. వారు పొలము దున్నిరి, మగ్గము నేసిరి, గానుగ ఆడించిరి, ముద్రణాలయమున అక్షరములు కూర్చిరి.

ఈ గృహములు దోషరహితములని చెప్పరాదు. కర్వే ఆశ్రమము తొలిదశలో ప్రధానముగా అగ్రవర్ణ వితంతువులకే నీడయైనది. ముక్తిసదనము అన్ని కులములవారిని చేర్చుకొన్నను, అచటి జీవనము క్రైస్తవ విశ్వాసముతో పెనవేసికొని యుండెను. నీడ నిచ్చువారు దానికి మారుగా ఏమి కోరుచున్నారను ప్రశ్న నాడెంత సూటియైనదో, నేడును అంతే సూటియైనది.

అయినను, ఆశ్రయము గమ్యము కాదని ఈ రెండు గృహములును గుర్తించినవి. గోదూబాయి సోదరి పార్వతీబాయి ఆఠవలె వితంతువై కర్వే ఆశ్రమమున చేరి చదువుకొనెను. అనంతరము ఆ ఆశ్రమమునకే నిధులు సేకరించుచు ఊరూరా తిరిగి ఉపన్యసించెను. 1918లో అమెరికాకును పయనమయ్యెను. శరణార్థినిగా వచ్చిన స్త్రీ ఇతరులకు శరణమిచ్చు సంస్థను నిలుపగలిగెను. అట్టి గృహముల విలువను, ఎందరు లోనికి వచ్చిరను లెక్కకన్న, బయటికి పోయినవారు ఎట్లు నిలిచిరను దానితో కొలుచుట న్యాయము.