ఇసుకలో గీత, కాగితంపై పటం

హుగ్లీ తీరాన ఉన్న ఖిదిర్‌పూర్ నేడు రేవుకు ప్రసిద్ధి. పద్దెనిమిదో శతాబ్ది చివరి దశకంలో మాత్రం బెంగాలు సైన్యంలోని వారికి ఆ పేరు వినగానే అనాథ శరణాలయం స్ఫురించేది. కెప్టెన్ విలియం కిర్క్‌పాట్రిక్ చొరవతో 1783లో ఏర్పడిన మిలిటరీ ఆర్ఫన్ సొసైటీ, మరణించిన అధికారుల బిడ్డలను అక్కడ పోషించి చదివించింది. ఆ బిడ్డలలో పలువురి తల్లులు భారతీయులు. అటువంటి పిల్లలను పైచదువులకై ఇంగ్లండు పంపరాదని 1786లో కంపెనీ డైరెక్టర్లు శాసించారు. 1791లో కంపెనీ ఉన్నతోద్యోగాల తలుపులు కూడా మూసుకున్నాయి. ఆడపిల్లలకైతే ఖిదిర్‌పూర్ భవనంలో నృత్యసభలు జరిపి వరులను వెదికేవారు. మరి మగపిల్లల భవిష్యత్తు?

ఇదే సమస్యకు మద్రాసులో లభించిన ఒక సమాధానం గీత గీయడం.

అక్కడ 1789లో సైనికుల అనాథ బాలుర కోసం ఎగ్మూరులో మేల్ అసైలం ప్రారంభమైంది. దాని పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ ఒక ఉదయం గుర్రంపై పోతూ, దేశీయ పాఠశాలలో పిల్లలు నేలపై కూర్చుండి ఇసుకలో వేలితో అక్షరాలు వ్రాయడం చూశాడు. తన బడిలోనూ ఆ పద్ధతి ప్రవేశపెట్టబోగా ఉపాధ్యాయుల సహకారం లభించలేదు. చివరకు ఎనిమిదేళ్ళ విద్యార్థి జాన్ ఫ్రిస్కెన్‌కే ఆ పని అప్పగించాడు. 1797లో లండనులో వెలువడిన బెల్ గ్రంథం వల్ల విద్యార్థే విద్యార్థికి బోధించే విధానం లోకప్రసిద్ధమైంది. ఇసుక సంగతి మాత్రం చరిత్రకారుల దృష్టిలో వెనుకబడింది. నిజానికి మూలం అదే.

మన వీధిబడులలో ఓనమాలు దిద్దించిన తీరును బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 నివేదికలో వివరంగా నమోదు చేశాడు. ఆ జిల్లాలోని 533 పాఠశాలలలో 226 తెలుగువి. ఐరోపాలో వలె అక్షరాన్ని ముందు పలికించక, ఇసుకలో వేలితో వ్రాయించి నేర్పేవారని ఆయన గమనించాడు. వేలు కుదిరిన పిమ్మటే తాటాకు, గంటం. అయితే చదివినదాని అర్థం పిల్లలకు తెలియదన్న విమర్శ కూడా అదే నివేదికలో ఉంది. దానిని దాచవలసిన పనిలేదు. దిద్దడం అనుకరణే. చేతికి ఆకారం పట్టుబడుతుంది కాని, ఆలోచన దానంతట అదే రాదు.

ఆలోచనకు తావిచ్చిన మలుపు 1794లో వచ్చింది. కృష్ణా గోదావరీ ప్రాంతాల నీటిపారుదలకై కొలతలు తీసిన మైకేల్ టాపింగ్, ఎగ్మూరు అనాథ బాలురను కొందరిని ఎంచుకొని మద్రాసులో సర్వే పాఠశాల నెలకొల్పాడు. ఐరోపా అధికారుల జీతంతో పోలిస్తే ఈ పిల్లలకయ్యే ఖర్చు స్వల్పం. కంపెనీ చూసుకున్నది అదే. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించగా, గోల్డింగ్‌హాం ఆ పాఠశాలను కొనసాగించాడు.

సర్వే బల్ల ముందు నిలిచిన బాలుడు చేసేదేమిటి? ఒక చోట నిలిచి, దూరాన కనిపించే గుడి గోపురం వైపు కాగితంపై గీత గీస్తాడు. గోపురం ఆ గీత మీద ఎక్కడ ఉందో అప్పటికి తెలియదు. మరో చోటికి నడిచి, అక్కడి నుంచి మరో గీత గీస్తాడు. రెండు గీతలు ఖండించుకున్న చోటే గోపురం. తాను అడుగుపెట్టని స్థలాన్ని తాను నిలవని పైచూపులో ఊహించడం అక్షరాలు దిద్దడం వంటి పని కాదు.

బాలుడు కంటికి కనిపించినది కాక తనకు తెలిసినది గీస్తాడని ఫ్రెంచి పండితుడు లూకే 1927లో ప్రతిపాదించాడు. ఇంటి గోడ గుండా లోపలి మనుషులు కనబడేలా పిల్లలు గీయడం అందుకే. దానిని లోపమనడం తగదు. పటం కూడా తెలిసినదానిని గీసిన చిత్రమే గదా! స్థలాన్ని గూర్చిన ఊహ పిల్లలలో దశలవారీగా ఏర్పడుతుందనీ, ఇతరుల చూపుకోణాన్ని గ్రహించడం అందులో కీలకమనీ పియాజే, ఇన్‌హెల్డర్ 1948లో వివరించారు. ఆ కోణం మార్పునే మద్రాసు బాలురు ఎండలో నడిచి సాధన చేశారు.

కాలిన్ మెకంజీ మైసూరు సర్వేలోనూ, తరువాత దత్తమండలాలలోనూ ఈ పాఠశాల యువకులు పనిచేశారు. వారి చేతి గీతలలోనే రాయలసీమ ఊళ్ళు, చెరువులు పటాలకెక్కాయి. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన మెకంజీ 1817లో కలకత్తా చేరాడు. ఏలూరికి చెందిన కావలి లక్ష్మయ్య ఆయన వెంట వెళ్ళాడు. అప్పటికీ ఖిదిర్‌పూర్ శరణాలయంలో పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు.