పెద్దలకు అక్కరలేని దారి

మబ్బులు కమ్మినప్పుడు విమానాన్ని రన్‌వే మీదికి దించే సాధనాల చరిత్రను చాలామంది యంత్రాల పరుగుపందెంగా చెబుతారు: రేడియో వచ్చింది, ఉపగ్రహం వచ్చింది, కొత్తది పాతదాన్ని తోసేసింది అని. జరిగింది అది కాదు. 1938 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో మంచు కురుస్తుండగా ప్రయాణికులతో ఒక బోయింగ్ 247ను నేలకు చేర్చిన ఐఎల్ఎస్ అనే రేడియో కిరణాల పద్ధతి ఈనాటికీ పెద్ద విమానాశ్రయాలన్నిటా ఏలుతూనే ఉంది. దాని లోపాలు ఎవరికీ తెలియనివి కావు. రన్‌వేకు ఒక్కో కొసన విడిగా యాంటెన్నాలు కావాలి, వాటి ముందు నేల చదునుగా ఉండాలి, దగ్గర్లో మరో విమానం కదిలినా కిరణం వంకరపోతుంది. ఈ లోపాలను చాలావరకు తగ్గించిన మైక్రోవేవ్ పద్ధతిని 1978లోనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వారసుడిగా ఎంచుకుంది. ఆ వారసుడు గద్దెనెక్కలేదు. ఉన్నది పనిచేస్తుండగా మరో రిసీవర్ ఎందుకు కొనాలన్న విమాన సంస్థల ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు. 1994లో అమెరికా దాన్ని వదిలేసి జీపీఎస్ వైపు తిరిగింది. దించే సాధనం తలరాతను దాని ఖచ్చితత్వం కన్నా, ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్న లెక్కే ఎక్కువగా రాస్తుందని నా వాదన.

ఉపగ్రహ పద్ధతి కథలోనూ ఆ లెక్కే కనిపిస్తుంది. జీపీఎస్ ఒక్కటే విమానాన్ని దించలేదు. ఎత్తు చెప్పడంలో దాని తప్పు ఎక్కువ. పైగా తప్పు చెబుతున్నప్పుడు ఆ సంగతి పైలట్‌కు వెంటనే తెలియదు. అందుకే నేల మీది కేంద్రాలు తప్పును కొలిచి, సవరణను భూస్థిర ఉపగ్రహం ద్వారా విమానానికి పంపుతాయి. నమ్మరానప్పుడు క్షణాల్లో హెచ్చరిస్తాయి. అమెరికాలో 2003 జూలైలో మొదలైన ఈ ఏర్పాటుతో దిగే మార్గాలు ఇప్పుడు అక్కడ ఐఎల్ఎస్‌లను మించిపోయాయి. అయితే వాటిలో చాలా భాగం చిన్న విమానాశ్రయాలవే. పెద్ద సంస్థలు తిరిగే చోట్ల ఐఎల్ఎస్ ఎటూ ఉంది.

మన దేశంలో ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కట్టిన ఇలాంటి ఏర్పాటు గగన్‌కు మరో చిక్కు ఎదురైంది. భూమధ్యరేఖకు దగ్గర్లో, పొద్దుగూకాక ఐనోస్ఫియర్ కల్లోలంగా మారి ఉపగ్రహ సంకేతాలను చెదరగొడుతుంది. అమెరికా, యూరప్‌లకు ఈ బాధ ఇంతగా లేదు కాబట్టి వాళ్ల లెక్కలు ఇక్కడ యథాతథంగా చెల్లవు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధకులు తలకెత్తుకున్న సమస్యల్లో ఇదొకటి. ఎత్తు విషయంలోనూ దారి చూపేందుకు గగన్‌కు 2015 ఏప్రిల్ 21న ధ్రువీకరణ వచ్చింది. ఇండిగో ఏటీఆర్ విమానం ఒకటి దాని సాయంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది మాత్రం 2022 ఏప్రిల్‌లో. మధ్యలో పోయిన ఏడేళ్లకు ఐనోస్ఫియర్‌ను తప్పుపట్టలేం. 2019 జనవరి నుంచి నమోదయ్యే ప్రతి విమానానికీ గగన్ పరికరం ఉండాలని 2016 పౌర విమానయాన విధానం అంది. ఆ గడువు 2021 జూలైకి జరిగింది. ఢిల్లీ, ముంబయిల మధ్య తిరిగే విమానానికి గగన్ రిసీవర్ వల్ల కలిసొచ్చేది స్వల్పం. లాభం కిషన్‌గఢ్‌ లాంటి ఊళ్లది, బిల్లు విమాన సంస్థది.

ఆకాశం నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని ఎవరైనా చెడగొట్టగలరు కదా అన్న అభ్యంతరం బలమైనదే. అమెరికాలో న్యూఆర్క్ విమానాశ్రయం పక్క రహదారిపై వెళ్లే ట్రక్కులోని చిన్న జామర్ అక్కడి ఉపగ్రహ ఆధారిత ల్యాండింగ్ వ్యవస్థను తికమకపెట్టింది. 2025లో ఢిల్లీలో 10వ నంబరు రన్‌వేకు ఉపగ్రహ పద్ధతిలో వస్తున్న కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నేల మీది సాధనాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదనీ చెప్పింది. దీన్నిబట్టి ఢిల్లీలో ఐఎల్ఎస్‌ను పీకేయకూడదని తేలుతుంది. గగన్ వృథా అని తేలదు. ఐఎల్ఎస్ లేని రన్‌వేకు వచ్చే పైలట్‌కు సంకేతం చెడిన రోజున పోయేది ఆ అదనపు సాయమే; అప్పుడాయన మునుపటిలాగే మరింత ఎత్తులోనే రన్‌వే కనిపించాలని పట్టుబట్టి, కనిపించకపోతే వెనుదిరుగుతాడు. మిగతా రోజుల్లో గగన్ ఆయన్ను దాదాపు 250 అడుగుల దాకా దించగలదు, ఆ రిసీవర్‌ను సంస్థ కొని ఉంటే.