పాత ఢిల్లీ వీధులు

ఢిల్లీకి పోయినవారు ఒకే పేరుగల రెండు నగరాలను చూచి వస్తారు. ఒకటి 1931లో రాజధానిగా ప్రారంభోత్సవం జరుపుకొన్న కొత్త ఢిల్లీ. విశాలమైన రహదారులు, చెట్ల వరుసలు, ఒకదానికొకటి దూరంగా నిలిచిన భవనాలు అక్కడివి. రెండవది ఎర్రకోటకు పడమరగా ఒదిగి ఉన్న షాజహానాబాదు. దానినే ఇప్పుడు పాత ఢిల్లీ అంటున్నారు. మొదటిదానిని చూచినవారు మెచ్చుకొని ఊరుకుంటారు. రెండవదానిని గూర్చి మాత్రం వాదులాడుకుంటారు. అక్కడి జీవకళ మరెక్కడా లేదని కొందరు, అక్కడ మనిషి బ్రతకలేడని మరికొందరు. రెండు మాటలూ నిజమే. ఆ రెండింటికీ మూలం ఒకటే కావడం ఆలోచింపదగిన విషయం.

షాజహాను చక్రవర్తి 1639లో కోటకు శంకుస్థాపన చేయించి, 1648లో కొత్త రాజధానిలో ప్రవేశించాడు. కోట లాహోరీ దర్వాజానుంచి ఫతేపురీ మసీదు వరకు సూటిగా సాగే రాజవీధిని ఆయన కుమార్తె జహనారా 1650 ప్రాంతంలో కట్టించినది. వీధి నడుమ కాలువ పారేది. మధ్యలో ఒక చౌక్, అందులో కొలను. ఆ నీటిలో వెన్నెల మెరిసేదనీ, అందుచేతనే ఆ చోటికి చాందినీ చౌక్ అన్న పేరు వచ్చినదనీ చెబుతారు. క్రమంగా ఆ పేరు వీధి అంతటికీ వ్యాపించినది.

ఈ వర్ణన చదివినవారికి, ఒకప్పుడు అంతా క్రమంగా ఉండి తరువాత చెడిపోయినదనే భావం కలుగుతుంది. అది సరికాదు. 1663లో ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఈ నగరాన్ని గూర్చి ఒక దీర్ఘలేఖ వ్రాశాడు. ప్రభువుల భవనాల ప్రక్కనే మట్టితోను గడ్డితోను కట్టిన గుడిసెలు లెక్కకు మిక్కిలిగా ఉండేవనీ, సైనికులు, సేవకులు వాటిలో తల దాచుకొనేవారనీ, ఒక్క ఏడాదిలో మూడు అగ్నిప్రమాదాలకు 60,000కు పైగా ఇంటికప్పులు కాలిపోయినవనీ అతడు తెలిపినాడు. వెన్నెల కొలను, మండే పూరికప్పు ఒకే నగరంలోనివి. రాజు గీయించినవి పెద్ద వీధులు మాత్రమే. వాటి వెనుక భాగాన్ని ప్రజలే తమ అవసరాలనుబట్టి అల్లుకున్నారు.

ఆ అల్లికలోనే ఈ ప్రాంతపు అందమంతా ఉన్నది. పెద్ద వీధినుంచి కూచాలు, కూచాలనుంచి గలీలు చీలుతవి. నడుమ ముంగిలి, చుట్టూ గదులు గల కట్టడాన్ని కటరా అంటారు. దరీబా కలాన్‌లో వెండి బంగారాలు, కినారీ బజారులో జరీ అంచులు, చావ్‌డీ బజారులో కాగితం, పెండ్లి పత్రికలు, ఖారీ బావ్లీలో సుగంధ ద్రవ్యాలు అమ్ముతారు. ఖారీ బావ్లీ అంటే ఉప్పునీటి దిగుడుబావి. బావి ఇప్పుడు కానరాదు, పేరు మిగిలినది. బల్లీమారాన్ అన్నది పడవలు నడిపేవారి పేరు. అక్కడిప్పుడు కళ్ళజోళ్ళు, చెప్పులు అమ్ముతారు. వృత్తి పోయినా పేరు పోకపోవడం పాత నగరాల లక్షణం.

ఒకే సరుకు అమ్మే అంగళ్ళు ప్రక్కప్రక్కనే ఉండడం పైకి అవివేకంగా తోస్తుంది. నిజానికి అందులో లోకజ్ఞానం ఉన్నది. కొనేవాడు పది గడపలు తొక్కి ధర తెలుసుకుంటాడు. అమ్మేవాడు తనవద్ద లేని సరుకును పొరుగు అంగడినుంచి తెచ్చి ఇస్తాడు. చిన్న వర్తకుడికి పొరుగువాడి నమ్మకమే పెట్టుబడి. క్రింద అంగడి, పైన ఇల్లు. ఎదురెదురు గోడల నీడ పడి వేసవిలో సైతం సందు చల్లగా ఉంటుంది. రాజవీధిలో ఒక మైలులోపుననే జైనుల ఎర్ర మందిరం, గౌరీశంకరుని ఆలయం, క్రైస్తవుల ప్రార్థనాలయం, 1675లో గురు తేగ్ బహదూరు ప్రాణాలర్పించిన చోట వెలసిన సీస్‌గంజ్ గురుద్వారా, దాని చెంతనే సునహరీ మసీదు ఉన్నవి. 1739లో జరిగిన హత్యాకాండను నాదిర్షా ఆ మసీదులో కూర్చుండి చూచాడని చెబుతారు. భక్తీ, రక్తమూ ఇంత దగ్గరగా నిలిచిన వీధులు అరుదు.

అయితే ఈ సామీప్యమే నివాసులకు శాపం కూడా. తలపైన చిక్కుపడిన విద్యుత్తు తీగలు, క్రింద పొంగే మురుగుకాలువ, నడుమ తోపుడుబండ్లు, రిక్షాలు, కూలీల తలలమీద మూటలు. రోగిని మంచంమీద మోసుకొని పెద్ద వీధికి తేవలసిన గలీలు ఉన్నవి. 2022 నవంబరులో భగీరథ ప్యాలెస్ విద్యుత్ సామగ్రి బజారులో నిప్పంటుకొన్నప్పుడు, ఇరుకు సందులలోనికి అగ్నిమాపక శకటాలు పోవడమే కష్టమైనది. మంటలు పూర్తిగా ఆరడానికి రోజులు పట్టినవి. ఒకనాడు బేగం సమ్రూ నివసించిన భవనం ఉన్న ఆవరణ అది. బెర్నియే వ్రాసిన అగ్నిభయం మూడున్నర శతాబ్దాల తరువాత కూడా తీరలేదు.

ఈ కష్టాలను నివాసుల అలసత్వానికి అంటగట్టడం సులభం. చరిత్ర వేరొక సంగతి చెబుతుంది. 1857 సెప్టెంబరులో ఆంగ్లేయులు నగరాన్ని తిరిగి పట్టుకొని ప్రజలను ప్రాకారం వెలుపలికి వెళ్ళగొట్టారు. కోటకూ జామా మసీదుకూ నడుమ ఉన్న పేటలను సైనికావసరం పేరిట నేలమట్టం చేశారు. ఫతేపురీ మసీదును వేలంలో 19,000 రూపాయలకు అమ్మివేశారు. 1877లోగాని అది ముసల్మానులకు తిరిగి దక్కలేదు. జహనారా కట్టించిన సరాయి పోయి, ఆ స్థలంలో పురమందిరం లేచినది. 1867లో వచ్చిన రైలుమార్గం నగరం ఉత్తర భాగాన్ని చీల్చినది. చోటు తగ్గినది, సరుకు పెరిగినది.

1947లో దేశ విభజన జరిగినప్పుడు ఎన్నో కుటుంబాలు ఈ గలీలను విడిచి పాకిస్తానుకు పోయినవి. పంజాబునుంచి వచ్చిన శరణార్థులు ఖాళీ అయిన ఇండ్లలోను, కటరాలలోను, గదికొక కుటుంబంగా సర్దుకున్నారు. 1958నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెదారు వీధిపాలు కాకుండా కాపాడినది. దానితోనే పాత అద్దెలు పాతచోటనే నిలిచిపోయినవి. రాబడి లేని ఇంటికి యజమాని సున్నమైనా వేయించడు. విడిస్తే మళ్ళీ దొరకదని అద్దెదారు కదలడు. ఈ ఇద్దరి నడుమ హవేలీ కూలుతుంది. కూలినచోట గిడ్డంగి లేస్తుంది.

1956లో పార్లమెంటు మురికివాడల అభివృద్ధి, తొలగింపు చట్టం చేసినది. ప్రాకారం లోపలి ప్రాంతం ఆ చట్టం క్రింద మురికివాడల లెక్కలో చేరినది. అభివృద్ధి, తొలగింపు అనే మాటలు రెండూ ఆ చట్టం పేరులోనే ఉన్నవి. వాటిలో ఏది ముందు నడుస్తుందన్నదే ప్రశ్న. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్‌లో, తుర్క్‌మాన్ గేటువద్ద రెండవదే ముందు నడిచినది. ఇండ్లను యంత్రాలతో పడగొట్టారు. అడ్డువచ్చిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ఇండ్లు పోయినవారిని యమునకు ఆవల, తాము పనిచేసే బజారుకు దూరంగా వదిలారు. ఇరుకు తీరినది నిజమే, కాని ఆ ఇరుకులో కాపురమున్నవారికి దానివల్ల ఒరిగినదేమిటి?

దీనికి భిన్నమైన మార్గం లేకపోలేదు. 2005లో భూగర్భ రైలు ఎవరినీ పెద్దగా కదలించకుండా చావ్‌డీ బజారు క్రిందుగా వచ్చినది. 2021లో చాందినీ చౌక్ రాజవీధిని పాదచారులకు అనువుగా తీర్చి, పగటివేళ మోటారు వాహనాలను నిషేధించారు. రాజవీధి చక్కబడినది. గలీలలో మురుగు, తీగలు, నెర్రెలిచ్చిన మిద్దెలు ఇంకా తమ వంతుకోసం ఎదురుచూస్తున్నవి. అతిథి నడిచే వీధికంటె నివాసి నిద్రించే గది బాగుచేయడం కష్టం. అయినా మొదట చేయవలసినది అదే.

సందుల సౌందర్యాన్ని పొగడేవారు, ఆ సందులను అసహ్యించుకొనేవారు కూడ బల్లీమారాన్‌లోని గలీ కాసిం జాన్‌కు పోయి మీర్జా గాలిబు ఉన్న ఇంటిని చూస్తారు. బహుకాలం వ్యాపారానికి వాడిన ఆ ఇంటిలో కొంత భాగాన్ని ప్రభుత్వం తీసుకొని స్మారకంగా మార్చినది. గాలిబు 1869లో మరణించేవరకు సొంత ఇల్లు ఎరుగడు, అద్దెదారుగానే బ్రతికాడు. 1857 తరువాత కూల్చిన బజారుల పేర్లు ఆయన లేఖలలో మరణించిన బంధువుల పేర్లవలె వినిపిస్తవి. వానకు కారే తన ఇంటికప్పును గూర్చిన మొరలు కూడ ఆ లేఖలలోనే ఉన్నవి. ఆయన కోరినది ఆ గలీని విడిచి పోవడం కాదు. అక్కడే ఉండి, తడవకుండా నిద్రపోవడం. ఆ గలీలలోని అద్దెదారులు ఈనాటికీ కోరుకొనేది అంతే.